మతిమఱపు వ్యాధియు తోడు మాంసకృత్తులును

నాందేడు పట్టణమున తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ఒక విషయమును పెక్కుమంది గమనించియే యుందురు. ఏబదియేండ్లు అంగడిలో మరాఠీ మాటాడి, ఇరుగుపొరుగువారితో ఆ భాషలోనే మంచిచెడ్డలు చెప్పుకొనిన పెద్దవారిలో కొందఱు, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట దానిని కొంచెము కొంచెముగా జారవిడిచి, చిన్ననాటి తెలుగునకే మరలిపోవుదురు. తొలుత మాట దొరకదు. పిమ్మట మనుమల పేర్లు దొరకవు. కొంతకాలమునకు ఇంటి కోడలినే "నీ వెవరి పిల్లవమ్మా?" అని యడుగుదురు. ఇంటిలోనివారు దీనిని ముసలితనపు చాదస్తమని సరిపెట్టుకొందురు, కసరుకొనువారును లేకపోలేదు.

ఇది చాదస్తము కాదు, వ్యాధి. ఆల్జైమర్ వ్యాధి యని దీనికి పేరు. మెదడులోని కొన్ని మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, ఆకృతి చెడి పేరుకొనుట దీని ముఖ్య లక్షణము. (ఇకమీద వాడుకమాటయైన ప్రోటీను అనియే వ్రాయుదుము.) అట్లు చెడకుండ కాచు ప్రోటీనులు సైతము మన దేహముననే కలవు. వానిని కనుగొని, వాని పని తెలిసికొనిన కథ అరువదియేండ్లకు పైబడినది. ఆ కథలో హైదరాబాదునకు చెప్పుకొనదగిన భాగము కలదు. 1956 నవంబరు 1 వఱకు మన జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే యగుటచేతను, నేటికిని పెద్ద జబ్బు చేసినపుడు మనవారిలో పలువురు రైలెక్కి అక్కడికే పోవుటచేతను, ఆ భాగమును కొంత విపులముగ చెప్పుట యుచితమని తలచితిమి.

ముందుగా ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మఱపున్న వారందఱికిని ఈ వ్యాధియే యని తలపరాదు. బి12 విటమిను లోపము, థైరాయిడ్ గ్రంథి మందగించుట, మనోవ్యాకులత - ఇవియు మఱపును కలిగించును. ఇవి చికిత్సకు లొంగునట్టివి. కావున వైద్యునికి చూపకయే ఇంటిలో తీర్పు చెప్పుకొనుట తగదు. అయినను వ్యాధి అరుదైనదనియు చెప్పజాలము. 2023లో ప్రకటితమైన ఒక అఖిలభారత పరిశీలన ప్రకారము, మన దేశమున అరువది నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా యనబడు చిత్తవైకల్యముతో బాధపడుచున్నారు. అట్టి వైకల్యమునకు కారణములలో ఆల్జైమర్ వ్యాధియే మొదటిది.

ఈ వ్యాధికి పేరు వచ్చిన విధము వినదగినది. 1901లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఆగస్టె డీటర్ అను ఏబదియొక్క యేండ్ల స్త్రీని మానసిక వైద్యశాలలో చేర్చిరి. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్. తన పేరు వ్రాయుమనిన, మొదలుపెట్టి నడుమ మఱచిపోయెడిది. ఆమె 1906లో మరణింపగా, అప్పటికి మ్యూనిక్ నగరమునకు మారియున్న ఆల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకొని, వెండి లవణములతో రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచెను. కణముల నడుమ గడ్డలవంటి మచ్చలును, కణములలోపల చిక్కుపడిన పోగులును కానవచ్చెను. అదే సంవత్సరము నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతిని నివేదించినపుడు, సభికులలో నొక్కరును ప్రశ్న వేయలేదట. 1910లో ఎమిల్ క్రెపెలిన్ అను ఆచార్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరుంచెను.

ఆ మచ్చలు దేనితో నైనవో తెలియుటకు మఱి డెబ్బదియేండ్లకు పైగా పట్టినది. 1984లో అమెరికాలో జార్జి గ్లెన్నర్, కెయిన్ వాంగ్ అను నిరువురు దానిని వేఱుచేసి, అది నలువది చిల్లర అమైనో ఆమ్లములు గల చిన్న ప్రోటీను ముక్క యని తెలిపిరి. దానినే నేడు బీటా అమిలాయిడ్ అందురు. కణములలోని చిక్కులు టౌ అను మఱియొక ప్రోటీనువని కొలది కాలములోనే తెలియవచ్చినది. ఈ రెండును దేహమునకు పరాయివి కావు; మంచి ఆరోగ్యవంతునిలో సైతము ఉన్నట్టివే. మఱి కొందఱి మెదడులో ఇవి యేల పేరుకొనును? ప్రశ్న ఇక్కడ ప్రోటీను ఆకృతిమీదికి మరలుచున్నది.

మగ్గము నెఱిగిన మన పద్మశాలి కుటుంబములవారికి దీనిని సులభముగ చెప్పవచ్చును. ప్రోటీను ఒక దారము. ఇరువది రకముల అమైనో ఆమ్లములు వరుసగా గుచ్చుకొని ఈ దారమేర్పడును. అయితే దారము దారముగానే యున్న ప్రయోజనము లేదు. ఒక నిర్ణీతమైన తీరున మడతపడి ముద్దయైనపుడే అది పని చేయును. ఆ మడతలు ఏ కోణములలో సాధ్యమో, ఏ కోణములలో అసాధ్యమో లెక్కకట్టి పటము గీచినవారు మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు, అది 1963లో. నేటికిని ప్రపంచమందలి ప్రోటీను పరిశోధకులందఱును తమ పనిని ఆ పటముతో సరిచూచుకొందురు. దాదాపు ఆ కాలముననే అమెరికాలో క్రిస్టియన్ అన్‌ఫిన్‌సెన్, మడత విప్పిన ప్రోటీను పరీక్షనాళికలో తనంతట తానే మరల మడతపడునని చూపి, 1972లో నోబెల్ బహుమానమును పొందెను. దారము వరుసలోనే మడత రహస్యమంతయు నున్నదని అప్పుడు తేలినది.

కాని పరీక్షనాళిక వేఱు, జీవకణము వేఱు. కణములోపల జాతరలోని రద్దీ వంటి రద్దీ. ప్రోటీను దారమునకు నీటిని ఓర్వని జిగట భాగములుండును. చక్కగా మడతపడినపుడవి లోపల దాగియుండును. మడత పూర్తికాక మునుపో, వేడిమిచేతనో, ముసలితనముచేతనో అవి బయటపడినచో, ప్రక్కనున్న దానికి అంటుకొనును. గంజి సరిగా పట్టని నూలు ఒకదానినొకటి పట్టుకొని చిక్కుపడినట్లు, ఈ దారములును చిక్కుపడును. ఉడికిన కోడిగ్రుడ్డు తెల్లసొన మరల నీరు కాకపోవుట ఇట్టి చిక్కుచేతనే.

అట్టి చిక్కు నాపు ఏర్పాటు కణములో నున్నదని తెలిసినది ఒక పొరపాటు మూలమున. ఇటలీలో నేపుల్స్ నగరమున ఫెరూచియో రిటోసా అను యువకుడు పండ్ల యీగలపై పరిశోధన చేయుచుండెను. ఎవరో ఈగలుంచిన పెట్టె వేడిమిని పెంచిరి. తెల్లవారి చూడగా ఈగల క్రోమోసోములపై, మునుపెన్నడును లేని చోటుల, ఉబ్బులు కనబడెను. వేడి సోకగనే కణము ఏదో క్రొత్త పనికి పూనుకొనుచున్నదని రిటోసా గ్రహించెను. ఒక పేరుగల పత్రిక ఈ వ్యాసమున ప్రాముఖ్యము లేదని త్రిప్పి పంపినది. 1962లో వేఱొక పత్రిక ప్రకటించినది. త్రిప్పి పంపినవారిని నిందించి లాభము లేదు. ఈగకు వేడి తగిలిన మనకేమని తలచుట లోకసహజమే. పండ్రెండేండ్ల పిమ్మట, 1974లో, ఆ ఉబ్బుల మూలమున పుట్టు ప్రోటీనులు బయటపడినవి. వానికి ఉష్ణాఘాత ప్రోటీనులని పేరు.

పేరుల మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పెదము. 1978లో కేంబ్రిడ్జి నగరమున రాన్ లాస్కీ కప్పగ్రుడ్లలో ఒక ప్రోటీనును కనుగొని, అది ఇతర ప్రోటీనులు తగని కూడిక కూడకుండ చూచుచున్నదని, దానిని చాపెరోన్ అనెను. 1987లో జాన్ ఎల్లిస్ ఆ మాటను ఇట్టి పని చేయు ప్రోటీనులన్నిటికిని వర్తింపజేసెను. చాపెరోన్ అనగా, పాశ్చాత్యుల పెద్దయిండ్లలో పెండ్లికాని పిల్ల బయటికి పోవునపుడు వెంటబోవు పెద్దావిడ. మన యిండ్లలోను క్రొత్త పెండ్లికూతురిని అత్తవారింటికి పంపునపుడు ఒక పెద్ద ముత్తయిదువను తోడు పంపుట కలదు. ఆమె అక్కడ కాపురము చేయదు. పిల్ల కుదురుకొనగనే తిరిగి వచ్చును. ఈ ప్రోటీనుల పనియు సరిగా అట్టిదే. మడతపడుచున్న దారమును పట్టుకొని, కుదిరిన పిమ్మట వదలివేయును. తుది ఆకృతిలో తాము భాగము కావు. కనుక వీనిని తోడు ప్రోటీనులని పిలుచుట మాకు నచ్చినది.

1989లో ఉల్రిచ్ హార్ట్ల్, ఆర్థర్ హార్విచ్ అనువారు కణములో అనేక ప్రోటీనులు ఈ తోడు లేక మడతపడజాలవని నిరూపించిరి. తోడు ప్రోటీనులలో కొన్ని మూతగల పీపావలె నుండి, దారమును లోపలికి తీసికొని, రద్దీ తగులకుండ ఏకాంతమున మడతపడనిచ్చును. కొన్ని బయటనే జిగట భాగములను పట్టుకొనును. అన్నిటిని వర్ణించుట ఇక్కడ అనవసరము. మన కథకు కావలసినది అన్నిటికంటె చిన్న తరగతి. అది కంటిలో నున్నది.

కంటి కటకము విచిత్రమైన అవయవము. దాని నడిమి భాగమందలి ప్రోటీనులు మనము పుట్టకముందే తయారై, చచ్చువఱకు మారక నిలుచును. ఎనుబదియేండ్లు నిలిచిన ప్రోటీను చెడిపోకుండుటెట్లు? చెడి పేరుకొనినచో అదియే శుక్లము. కటకపు ప్రోటీనులలో సుమారు మూడవ వంతు ఆల్ఫా క్రిస్టలిన్ అనునది. పండ్ల యీగలోని చిన్న ఉష్ణాఘాత ప్రోటీనులకును దీనికిని చుట్టరికమున్నదని 1982లో తెలిసినది. తోడు ప్రోటీను చేయు పనిని ఇదియు చేయుచున్నదని 1992లో లాస్ ఏంజెల్స్ నగరమున జోసెఫ్ హార్విట్జ్ చూపెను. కంటికే పరిమితమని తలచిన దీని రెండవ రూపము, ఆల్ఫా బి క్రిస్టలిన్, ఒక అరుదైన మెదడు వ్యాధిలో కుప్పలుగా నున్నట్లు 1989లోనే వెల్లడియై యుండెను. పిదప ఆల్జైమర్ రోగుల మెదడులోను ఇది హెచ్చుగా నున్నట్లు కనుగొనిరి. కన్నును మెదడును ఒకే తోడు కాచుచున్నదన్నమాట.

ఇక హైదరాబాదు. 1977లో అచ్చటి ప్రాంతీయ పరిశోధనశాలలో ఒక భాగముగా, పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున కణజీవశాస్త్ర పరిశోధనకేంద్ర మొకటి వెలసినది. అదియే నేడు సీసీఎంబీ అను పేర ఉప్పల్ రోడ్డుపై నున్న సంస్థ. 1987లో దానిని జాతికంకితము చేసిరి. అక్కడ చింతలగిరి మోహనరావుగారు, ఆయన సహచరులు ఆల్ఫా క్రిస్టలిన్‌ను చేపట్టి ఏండ్ల తరబడి శోధించిరి. 1994లో బి. రామన్, మోహనరావుగార్లు ప్రకటించిన సంగతి యిది: 30 డిగ్రీలు దాటినపుడు ఈ ప్రోటీను తన కూర్పును కొంచెము సడలించుకొని, జిగట భాగములను బయటపెట్టి, చెడబోవు ప్రోటీనులను మునుపటికంటె బాగుగా పట్టుకొనగలుగుచున్నది. ఆపద యెక్కువైన కొలది కాపరి యెక్కువ మేలుకొనుచున్నాడు. ఈ సంస్థకు మోహనరావుగారే తరువాతి కాలమున డైరెక్టరుగా నుండిరి.

మా వ్యాసమునకు ప్రాణమైనది 2005 నాటి పరిశోధన. రామన్, టి. రామకృష్ణ, మోహనరావు మొదలగువారు జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయపు యుజి గోటో బృందముతో కలసి, కంటిని కాచు ఆల్ఫా బి క్రిస్టలిన్‌ను ఆల్జైమర్ మచ్చల ప్రోటీనుకు ఎదురునిలిపి చూచిరి. బీటా అమిలాయిడ్ పేరుకొనుటలో ఒక విశేషము కలదు. అది తనంతట పేరుకొనుటకు చాలకాలము పట్టును. అంతకుమునుపే పేరుకొనిన పోగు ముక్క ఒక్కటి పడినచో వడివడిగా పెరుగును. ఇది మన స్త్రీలకు తెలియని రహస్యము కాదు. పాలకు తోడు వేయుట యిట్టిదే. చెంచాడు పెరుగు కుండెడు పాలను తోడుకొనజేయును. తెలుగున "తోడు" అను మాటకు వెంటనుండు మనిషి యనియు, పాలలో వేయు పెరుగు అనియు రెండర్థము లుండుట ఇక్కడ అనుకొనకయే కలసివచ్చినది. వ్యాధికి నొక తోడు. దేహమునకు నొక తోడు.

ఆ పరీక్షలలో ఆల్ఫా బి క్రిస్టలిన్ ఉన్నచోట పోగులు పెరుగలేదు. దాని బదులు మామూలు ప్రోటీనులను వేసి చూచినచో, పెరుగుట ఆగలేదు. అది ఆపిన తీరు ఇంకను ముఖ్యము. అది విడివిడిగా నున్న బీటా అమిలాయిడ్‌ను గట్టిగా పట్టుకొని యుంచుట లేదు. పోగు ముక్కకే, అనగా ఆ పెరుగు చుక్కకే, అంటుకొని దానిని పని చేయనిచ్చుట లేదు. ఇతర ప్రోటీనులు ముద్దకట్టునపుడు ఇది ఆపు పద్ధతి వేఱు, ఇక్కడ ఆపు పద్ధతి వేఱు. అయితే అదే వ్యాసమున ఒక చిక్కైన సంగతియు నున్నది. వేఱొక అమిలాయిడ్ ప్రోటీనుతో చేసిన పరీక్షలో, అప్పటికే తయారైన పోగులు కరగిపోవు వేగమును ఇది తగ్గించినది. పెరుగనీయని తోడు, కరగుటకును అడ్డుపడినది. కాపరి తోటలోనికి దొంగను రానీయడు. వచ్చిన దొంగను పోనీయడు కూడ. ఇట్టి దానిని నేరుగా మందుగా చేయుట ఎంత కష్టమో పాఠకులే యూహింపవచ్చును.

ఇతర తోడు ప్రోటీనుల గుణములును ఇట్టివే. ఒక తరగతి, ఎచ్‌ఎస్‌పి70 అనునది, చెడిన టౌను గుర్తించి కణపు చెత్తకుండవైపు నడిపించును. ఎచ్‌ఎస్‌పి90 అను మఱియొకటి, చెడిన టౌను సైతము ఆదరించి నిలుపును. కణముల వెలుపల తిరుగు క్లస్టెరిన్ అను తోడు ప్రోటీను జన్యువులోని కొన్ని భేదములకును ఆల్జైమర్ ముప్పునకును సంబంధమున్నదని 2009లో రెండు పెద్ద జన్యుపరిశీలనలు ఒకేమాఱు తెలిపినవి. ముసలితనమున ఈ కాపలా యంతయు మందగించును. పని యెక్కువై, పనివాండ్రు తక్కువై, చెత్త పేరుకొనును.

కాపలాను మందుతో బలపఱుపలేమా? ప్రయత్నములు సాగుచున్నవి. ఎచ్‌ఎస్‌పి90ని అణచు మందులు క్యాన్సరు కొఱకు మొదట పరీక్షింపబడినవి. అవి దేహమంతటను పని చేయుటచేత హాని తెచ్చినవి, మెదడులోనికి పోవుటయు కష్టము. తోడు ప్రోటీనుల ఉత్పత్తిని హెచ్చించు అరిమోక్లొమాల్ అను మందు 2024లో అమెరికాలో అనుమతి పొందినది. అది నీమన్-పిక్ సి అను అరుదైన వ్యాధికే. కండరముల క్షీణవ్యాధియైన ఏఎల్‌ఎస్‌లో అదే మందు విఫలమైనది. టాఫామిడిస్ అను వేఱొక మందు, ట్రాన్స్‌థైరెటిన్ అను ప్రోటీనుకు తానే తోడుగా నిలిచి, దాని ఆకృతి విడిపోకుండ కాచుచున్నది. 2011లో యూరపున, 2019లో అమెరికాలో దానిని అంగీకరించిరి. ఆకృతిని నిలబెట్టి అమిలాయిడ్ వ్యాధిని మందగింపజేయవచ్చునని దీనివలన రుజువైనది. ఆల్జైమర్ వ్యాధికి మాత్రము తోడు ప్రోటీనుల మార్గమున పని చేయు మందు ఒక్కటియు నేటికి అంగీకృతము కాలేదు. 1996 నుండి వాడుకలోనున్న డొనెపెజిల్ లక్షణములను కొంత తగ్గించును. అమెరికాలో 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అనుమతి పొందినవి. ఇవి బీటా అమిలాయిడ్‌ను తొలగించు ప్రతిరక్షకములు, తొలిదశలో క్షీణతను కొంత మందగింపజేయును గాని పోయిన జ్ఞాపకమును తిరిగి తేవు. మెదడు వాచుట, రక్తము చెమర్చుట అను ప్రమాదములును కలవు. జ్ఞాపకశక్తిని తిరిగి తెప్పింతుమని ప్రకటించు చూర్ణములపై డబ్బు పోయువారు ఈ మాట గుర్తుంచుకొనిన బాగుండును.

మందు చేతికి రాని ఈ నడిమికాలమున, హైదరాబాదునందే జరిగిన మఱియొక పరిశోధన మనవంటివారికి దగ్గఱగా నున్నది. ఇది ప్రోటీనులను గూర్చినది కాదు. అదే వ్యాధిని భాషవైపునుండి చూచినది. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారు, సుభాష్ కౌల్‌గారు, ఎడింబరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్ మున్నగువారు, చిత్తవైకల్యముతో వచ్చిన 648 మంది రోగుల వివరములు పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకెక్కువగాని భాషలు మాటాడువారు: తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు. ఒకే భాష మాటాడువారికి సగటున 61.1 ఏండ్ల వయస్సున వ్యాధి మొదలుకాగా, రెండు భాషలవారికి 65.6 ఏండ్లకు మొదలైనది. నాలుగున్నర యేండ్ల తేడా. చదువురాని వారిలో ఈ తేడా ఆఱేండ్లు. చదువువలన వచ్చిన మేలు భాషమీద వేయుచున్నారను ఆక్షేపణకు ఈ చివరి సంగతియే సమాధానము. మూడవ భాష వచ్చినందున అదనపు లాభము కానరాలేదు. ఇతర దేశములలో, ఆరోగ్యవంతులను ఏండ్ల తరబడి వెంటబడి చూచిన కొన్ని పరిశీలనలలో ఇట్టి తేడా కనబడలేదనుటయు నిజము; కావున దీనిని రక్షరేకుగా చెప్పుకొనరాదు. అయినను ఇంట తెలుగు, వీధిని మరాఠీ యనుచు రోజుకు నూఱుమాఱులు భాష మార్చుకొను మన స్త్రీలు, బడిముఖము చూడని మన నేతపనివారు, తెలియకయే తమ మెదడునకు వ్యాయామము చేయించుచున్నారని తలచుటకు ఇందు ఆధారము కలదు. పిల్లలతో ఇంటిలోను మరాఠీయే మాటాడుట నాగరికమని తలచు కుటుంబములు దీనిని విచారించుకొనవలెను.

ఇక ఆచరణకు సంబంధించిన దొకటి. మఱపు పరీక్ష మాటలతో జరుగును: తేదీ చెప్పుడు, ఈ మూడు మాటలు గుర్తుంచుకొనుడు, వస్తువు పేరు చెప్పుడు అని. నాందేడులో ఆ ప్రశ్నలు సాధారణముగ మరాఠీలోనో హిందీలోనో వచ్చును. చిన్ననాడు తెలుగే నేర్చిన అవ్వ అందులో తప్పినచో, అది మఱపో, భాష జారిపోవుటయో తేలదు. భారత వైద్యపరిశోధన మండలి సిద్ధము చేయించిన పరీక్షాపత్రములలో తెలుగు పత్రమును కలదు. దానిని అడిగి, తెలుగులోనే పరీక్ష చేయింపుమని కోరవచ్చును. ఇంటివారెవరైన ప్రశ్నను తెలుగున చెప్పవలసి వచ్చిన, జవాబు అందింపరాదు. ప్రేమచేత చేయు ఆ సాయము పరీక్షను పాడుచేయును. పెద్దవారు మొదట నేర్చిన భాష యేది, ఏ తరగతి వఱకు ఏ భాషలో చదివిరి, మొదట మఱచిన దేమి, ఎప్పటినుండి, ఏయే మందులు వాడుచున్నారు - ఇంతమాత్రము ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను. కండ్లద్దములును, వినికిడి యంత్రమున్నచో అదియు, ఇంటిలో వదలి పోరాదు.